బడి మాన్పించిన మొదటి ఏడాది

బడి మాన్పించాలనే నిర్ణయం వేసవి సెలవుల్లో తీసుకుంటే పెద్ద కష్టంగా అనిపించదు. ఏప్రిల్ చివర, మే నెలలో వీధిలో పిల్లలందరూ ఇంటి దగ్గరే ఉంటారు, మన పిల్లా వాళ్లలో కలిసిపోతుంది. గుండెదడ జూన్ రెండో వారంలో మొదలవుతుంది. పొద్దున్న ఏడున్నరకి సందు చివర పసుపుపచ్చ వ్యాను హారన్ కొడుతుంది. ఎదురింటి పిల్లలు తడి జడలతో, కొత్త బూట్లతో పరిగెడతారు. మన పిల్ల ఇంకా దుప్పట్లోనే ఉంటుంది. మనం లంచ్ బాక్సు సర్దుకుని ఆఫీసుకి బయల్దేరుతూ ఆ మంచం వైపు ఒకసారి చూస్తాం. ఇంతకీ మనం చేసింది మంచి పనేనా?

ఆ చూపు చూస్తున్నవాళ్ల కోసమే ఇది. బడి మాన్పించాలా వద్దా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. మీరు మాన్పించేశారు, మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, పగలంతా ధైర్యంగానే ఉండి రాత్రి పదకొండింటికి కంగారు పడుతున్నారు. ఆ కంగారుని ఏం చేసుకోవాలన్నదే మన సంగతి.

ముందు ఒక తేడా తేల్చుకుందాం. ఇంట్లోనే టైంటేబుల్ పెట్టి, పుస్తకాలు కొని, పొద్దున్న లెక్కలు సాయంత్రం సైన్సు చెబితే అది హోమ్‌స్కూలింగ్. బడి ఇంటికొచ్చిందన్నమాట. అన్‌స్కూలింగ్‌లో టైంటేబులూ ఉండదు, సిలబసూ ఉండదు. పిల్లలు తమకు ఆసక్తి ఉన్నదాని వెంట పడి నేర్చుకుంటారు, పెద్దవాళ్లు కావలసినవి అందిస్తూ పక్కన ఉంటారు. అమెరికాలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన జాన్ హోల్ట్ బడిలో పిల్లలు ఎందుకు విఫలమవుతారో 1964లో ఒక పుస్తకం, అసలు పిల్లలు ఎలా నేర్చుకుంటారో 1967లో ఇంకొకటి రాశాడు. బడులు బాగుపడతాయన్న ఆశ వదులుకున్నాక, పిల్లల్ని బడికి పంపని కుటుంబాల కోసం 1977లో ఒక పత్రిక మొదలుపెట్టాడు. అన్‌స్కూలింగ్ అనే మాట ఆయన వాడుకలోకి తెచ్చిందే. మనకూ ఈ ఆలోచన మరీ కొత్త కాదు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. గిజూభాయి ‘పగటి కల’నీ, జపాన్ నుంచి వచ్చిన ‘రైలుబడి’నీ తెలుగువాళ్లు ఇష్టంగా చదువుకున్నారు. చదివి మెచ్చుకోవడం వేరు. సోమవారం పొద్దున్న పదింటికి మన పిల్లాడు ఏం చేస్తున్నాడో తెలియకుండా మీటింగులో కూర్చోవడం వేరు.

ధైర్యం కోసం చాలామంది మొదట వెతికేది గొప్ప కథల్ని. ముంబైలో బడి మానేసిన ఒక అమ్మాయి అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో పతకాలు తెచ్చుకుని, పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేక ఐఐటీలో చేరే దారి మూసుకుపోతే, 2016లో అమెరికాలోని ఎంఐటీలో చేరింది. ఇంట్లోనే చదువుకున్న ఢిల్లీ అబ్బాయి 2010లో పద్నాలుగేళ్లకే ఐఐటీ ప్రవేశ పరీక్షలో 33వ ర్యాంకు తెచ్చుకున్నాడు. రెండూ జరిగినవే. రాత్రి చదివితే ఉత్సాహం వస్తుంది. మర్నాడు మన పిల్లాడు గంటన్నర సేపు రబ్బరుబ్యాండుతో ఈగల్ని కొడుతూ కూర్చుంటే ఆ ఉత్సాహమే గుదిబండ అవుతుంది. ర్యాంకుల పిచ్చి భరించలేక బడి మాన్పించి, మళ్లీ ర్యాంకుల కథల్లోనే ఓదార్పు వెతుక్కోవడం నాకైతే విడ్డూరంగా ఉంటుంది.

అంతకంటే పనికొచ్చే సమాచారం ఇంకోటి ఉంది. పీటర్ గ్రే, జీనా రైలీ అనే ఇద్దరు పరిశోధకులు 232 అన్‌స్కూలింగ్ కుటుంబాలను ప్రశ్నించి 2013లో ఆ వివరాలు ప్రచురించారు. కుటుంబాల్లో ఎక్కువమంది అమెరికా వాళ్లే. మీకు ఎదురైన పెద్ద కష్టమేమిటని అడిగితే వాళ్లు పిల్లల చదువు గురించి కాక రెండు విషయాలు ఎక్కువగా చెప్పారు: చుట్టూ ఉన్నవాళ్ల సూటిపోటి మాటలు, తమ బుర్రలోనే పాతుకుపోయిన బడి ఆలోచనలు. ఆ తర్వాత వాళ్లే, అలా పెరిగి పెద్దవాళ్లైన 75 మందిని అడిగారు. 62 మంది ఏదో ఒక రకం పైచదువుకి వెళ్లారు. ముగ్గురు మాత్రం ఈ పద్ధతి తమకు మేలు చెయ్యలేదన్నారు. తమంతట తాము ముందుకొచ్చి జవాబులిచ్చినవాళ్లు కాబట్టి ఈ లెక్కను అందరికీ అంటగట్టకూడదు. నాకు ఇందులో ఆ 62 మంది కంటే ఈ ముగ్గురే ముఖ్యం. వాళ్లు చెప్పుకున్నది ఒంటరితనం గురించి, ఇంట్లో పెద్దవాళ్ల పరిస్థితి బాగాలేకపోవడం గురించి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు జాగ్రత్త పడాల్సింది అక్కడ, ఎక్కాల దగ్గర కాదు.

నేను చూసినంతలో, నాలుగు రోజులు నిలబడే ధైర్యం ఒక్క చోటి నుంచే వస్తుంది: మన పిల్ల రోజంతా ఏం చేస్తోందో మనకు నిజంగా తెలియడం. బడికి పంపినప్పుడు ఆ తెలుసుకునే పని బడికి అప్పగించేస్తాం. మార్కులకాగితం వచ్చినప్పుడు సంతకం పెడితే సరిపోతుంది. ఇప్పుడు ఆ కాగితం రాదు. దాని జాగాలో ఏమీ పెట్టుకోకపోతే అక్కడ భయం కూర్చుంటుంది.

అందుకని ఒక నోటుపుస్తకం కొనండి. రోజూ పడుకోబోయే ముందు పది నిమిషాలు, ఒక రోజు అమ్మ, ఒక రోజు నాన్న, ఆ రోజు పిల్ల ఏం చేసిందో రాయండి. పగలు ఇంట్లో ఉన్న అమ్మమ్మనో, చూసుకునే అక్కనో అడిగి మరీ రాయండి. ఒకటే నియమం. ‘బాగా చేసింది’, ‘టైం వేస్టు చేసింది’ లాంటి తీర్పులు రాయకూడదు. ఏం అడిగింది, ఏం చేసింది, ఎంతసేపు చేసింది, ఎక్కడ ఆగిపోయింది, అంతే. ‘చీమలు ఎందుకు వరసలో పోతాయని అడిగింది. పంచదార చల్లి అరగంట చూసింది. మధ్యలో వేలు పెట్టి గీత గీస్తే దారి తప్పాయంది.’ ఇలా ఉండాలి. మొదటి రెండు వారాలు రాయడానికి ఏమీ లేదనిపిస్తుంది. అది పిల్లలో లోపం కాదు, మన కంటికి ఇంకా అలవాటు కాలేదు. బడి లెక్కన చదువంటే పుస్తకం ముందు కూర్చోవడం కాబట్టి, కూర్చోని గంటలన్నీ మనకు ఖాళీగా కనిపిస్తాయి.

క్రికెట్ తీసుకోండి. పదేళ్ల పిల్లాడు రెండు నెలలు ఐపీఎల్ తప్ప ఇంకో మాట ఎత్తడం లేదని తల్లి తల పట్టుకుంటుంది. కాస్త పక్కన కూర్చుని వింటే తెలుస్తుంది. 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే 27 బంతులు. దానికి ఇంకో 4.3 ఓవర్లు కలిపితే 8.6 కాదు, 54 బంతులు, సరిగ్గా తొమ్మిది ఓవర్లు. చుక్క తర్వాత అంకె ఆరుకి చేరగానే ఓవరు నిండిపోతుంది. ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పరు, రెండు మ్యాచులు చూసేసరికి పట్టుబడుతుంది. 38 బంతుల్లో 61 కావాలంటే ఓవరుకి ఎంత చొప్పున కొట్టాలో నోటితోనే దగ్గరదగ్గరగా చెప్పేస్తాడు. నెట్ రన్‌రేట్ కోసం ఆఖరి మ్యాచ్ ఎన్ని ఓవర్లలో గెలవాలని వాళ్ల బాబాయితో వాదిస్తాడు. భాగహారం, నిష్పత్తి, సగటు, ఉజ్జాయింపు అన్నీ అందులో ఉన్నాయి. వాడికి ఆ పేర్లు తెలియవంతే. పేర్లు తెలియడం కూడా అవసరమే, దానికి తొందరేం లేదు. ‘నువ్వు చేసిందాన్ని నిష్పత్తి అంటార్రా’ అని ఒకసారి అంటే చాలు.

మూడు నెలలయ్యాక నోటుపుస్తకాన్ని మొదటి పేజీ నుంచి ఒక్క బిగిన చదవండి. ఒక్క రోజులో కనపడని దారి తొంభై రోజుల్లో కనపడుతుంది. జూన్‌లో చీమలు, జులైలో తేనెటీగలు, ఆగస్టులో రాణి ఈగ బొమ్మ, సెప్టెంబరులో తేనెపట్టులో గదులకు ఆరు మూలలు ఎందుకన్న ప్రశ్న. మరీ గుబులుగా ఉంటే ఆ వయసు తరగతి ప్రభుత్వ పాఠ్యపుస్తకాల విషయసూచిక పక్కన పెట్టుకుని, నోటుపుస్తకంలో వచ్చినవాటికి పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. ఏడాదికి ఒకసారి చాలు. పిల్ల పడుకున్నాక చేయండి. టిక్కు పడని పాఠాలు ఉంటాయి, ఉండనివ్వండి. బడికెళ్లే పిల్లలకు కూడా ఆ పాఠాలన్నీ వచ్చేసి ఉండవని మన చిన్ననాటి సంగతి మనకి తెలుసు.

మొదటి నెలల్లో మాత్రం టిక్కుల మాటే ఎత్తకండి. బడి అలవాటు వదలడానికి, బడిలో గడిపిన ఒక్కో ఏడాదికీ ఒక్కో నెల చొప్పున పడుతుందని అన్‌స్కూలింగ్ చేసేవాళ్లు ఒక మోటు లెక్క చెబుతారు. నాలుగో తరగతి అయ్యాక మాన్పించిన పిల్లకు, నర్సరీతో కలిపి, ఆరేడు నెలలు. ఆ కాలంలో పిల్లలు ఎక్కువ నిద్రపోతారు, విసుక్కుంటారు, ఒకే కార్టూన్ పదే పదే చూస్తారు, పుస్తకం చూపిస్తే మొహం తిప్పుకుంటారు. ఇదే లెక్క మనకీ వేస్తే డిగ్రీ దాకా చదివినవాళ్లకు ఏడాదిన్నర. అందుకే పిల్ల కుదుటపడ్డాక కూడా మనం ఇంకా గింజుకుంటూ ఉంటాం.

ఇక్కడ రెండు చోట్ల పక్కా అన్‌స్కూలింగ్ వాదులతో నాకు పేచీ ఉంది. ఒకటి ఫోను. కొందరు దానికీ హద్దులు వద్దంటారు, పిల్లలే విసిగి వదిలేస్తారంటారు. రోజంతా ఒకరు ఇంట్లో ఉండే కుటుంబంలో అలా జరుగుతుందేమో. ఇద్దరూ ఉద్యోగానికి పోయే ఇంట్లో ఫోను ఆటవస్తువుగా ఉండదు, ఆయా అయిపోతుంది. కొత్త సినిమా పాటకు స్టెప్పులు నేర్చుకోవడం, వీడియో చూసి కాగితంతో విమానం చేయడం ఒక రకం. వేలితో పైకి తోసుకుంటూ పోవడం ఇంకో రకం. రెండోదానికి హద్దు పెట్టడానికి సిగ్గుపడక్కర్లేదు. రెండో పేచీ చదవడం గురించి. బడి ఒత్తిడి లేకపోతే కొందరు పిల్లలు అయిదేళ్లకే చదివేస్తారు, కొందరు తొమ్మిది దాటాక గాని అక్షరాల జోలికి పోరు. అందులో కంగారు పడాల్సింది ఉండకపోవచ్చు. అయినా ఎనిమిదేళ్లకు అక్షరాలు తడబడుతుంటే ముందు కళ్లూ చెవులూ చూపించండి. చూపూ వినికిడీ బాగానే ఉండి, అక్షరాలు తారుమారవుతూ, పిల్ల దానికి ఏడుస్తుంటే డిస్లెక్సియా పరీక్ష చేయగల నిపుణుల దగ్గరికి వెళ్లండి. బడిలో అయితే ఏదో ఒక టీచరు కనిపెట్టి చెప్పే అవకాశం కొంతైనా ఉండేది. ఇప్పుడు ఆ బాధ్యత కూడా మనదే.

ఉద్యోగం సంగతికి వద్దాం. మొదట ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. చిన్నపిల్లను రోజంతా ఒంటరిగా ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్లి, దాన్ని అన్‌స్కూలింగ్ అనకూడదు. మనిషి ఉండాలి. తాతయ్య, నాయనమ్మ ఉంటే సరే. లేకపోతే భార్యాభర్తలు వేళలు మార్చుకునే వీలుందా చూడండి: ఒకరు పొద్దున్న ఏడుకి వెళ్లి నాలుగుకి రావడం, ఒకరు పదకొండుకి వెళ్లడం. షిఫ్టులు ఉండే ఆసుపత్రి, ఫ్యాక్టరీ, పోలీసు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఇది కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ వాళ్లకంటే సులువు. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసే వీలున్నవాళ్లు ఆ రోజుల్లో పిల్లకు చదువు చెప్పాలని మాత్రం పెట్టుకోకండి. లాప్‌టాప్ ముందు ఒక కన్ను, పిల్ల మీద ఒక కన్ను పెడితే రెండు పనులూ చెడతాయి. ఆ రోజుల్లో మీరు చేసే పని పిల్ల చూస్తే చాలు. మీ ఉద్యోగం ఏమిటో బడికెళ్లే పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

రోజూ పిల్లకు పూర్తిగా ఇవ్వగలిగింది గంటా రెండు గంటలే అయితే అవే ఇవ్వండి. ఆ గంటలో కూరగాయలు తరుగుతూ మాట్లాడుకున్నా, కరెంటు బిల్లు యూనిట్లు లెక్క చూసినా, బండి మీద సంతకు వెళ్లినా సరే, ఫోను పక్కన పెట్టండి. సాయంత్రం గుమ్మంలోకి రాగానే ‘ఇవాళ ఏం నేర్చుకున్నావ్?’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వింటే పిల్లలకు మళ్లీ హోంవర్కు గుర్తొస్తుంది. మీ రోజు ఎలా గడిచిందో ముందు మీరు చెప్పండి.

డబ్బు విషయంలో రెండు చిల్లులు ముందే తెలుసుకోవాలి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు లక్షన్నర మినహాయింపులో పిల్లల ట్యూషన్ ఫీజు కూడా కలుస్తుంది. అది బడికో కాలేజీకో కట్టిన ఫీజుకే, ఇంటి దగ్గర కొన్న పుస్తకాలకూ క్లాసులకూ రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2024 జనవరి నుంచి పిల్లకు నెలకు 2,812.50 రూపాయల చొప్పున వచ్చే విద్యా భత్యానికి బడి ధ్రువీకరణ కావాలి. బడి లేకపోతే అదీ లేదు. దానికి బదులు ఫీజు, వ్యాను, యూనిఫాం ఖర్చు మిగులుతుంది. ఆ మిగిలినదంతా వెంటనే రోబోటిక్స్‌కీ అబాకస్‌కీ పోసేవాళ్లున్నారు. అది భయం పెట్టే ఖర్చు. కొంత పిల్లను చూసుకునే మనిషికి, కొంత ప్రయాణాలకు, కొంత రేపటి పరీక్ష ఫీజులకు తీసి పెట్టండి.

చుట్టాల దగ్గరికి వచ్చేసరికి మన ధైర్యం అసలు రంగు బయటపడుతుంది. పెళ్లిలో పంక్తి లేచేలోపు పదిమంది అడుగుతారు: ‘ఏ క్లాసు చదువుతున్నావమ్మా?’ ఆ ప్రశ్న మనకంటే ముందు పిల్లకు తగులుతుంది, కాబట్టి పిల్లకు ఒక జవాబు సిద్ధంగా ఉండాలి. ‘ఇంటి దగ్గరే చదువుకుంటున్నానండీ, బడిలో అయితే అయిదో క్లాసు’ అంటే సరిపోతుంది. ఆ తర్వాత ఎవరో ఒక పెదనాన్న ‘ఏదీ, పదిహేడో ఎక్కం చెప్పు’ అంటాడు. అప్పుడు మనం మధ్యలోకి రావాలి. ‘పెదనాన్నా, పరీక్షలొద్దు గాని మీరు చదరంగం బాగా ఆడేవారు కదా, దీంతో ఒక ఆట వేయండి’ అనండి. జాన్ హోల్ట్ సిద్ధాంతం పెళ్లిభోజనాల దగ్గర ఎవరికీ ఎక్కదు.

ఇంట్లో పెద్దవాళ్లతో మాత్రం ఇలా తప్పించుకుంటే కుదరదు. మామగారో, అమ్మో ‘మేం పస్తులుండి నిన్ను చదివిస్తే నువ్వు నీ కూతుర్ని బడి మాన్పిస్తావా’ అంటే అది చాదస్తం అనుకోకండి. బడి గడప తొక్కడం కోసమే తరాలు కొట్లాడిన నేల ఇది. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎంవీ ఫౌండేషన్ పనిచేసింది బడి బయట ఉన్న ప్రతి పిల్లా పనిపిల్లే అన్న వాదంతోనే. ఆ పని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆమె వాదనకు జవాబు చెప్పుకోకుండా అన్‌స్కూలింగ్ గురించి మాట్లాడటం నాకు నిజాయితీగా అనిపించదు. మన ఇంట్లో పుస్తకాలున్నాయి, చదువుకున్న పెద్దలున్నారు, తప్పు జరిగితే సర్దుకునే డబ్బుంది. పత్తిచేలోకి పంపిన పిల్లకు ఇవేవీ లేవు. మనకున్న ఈ వెసులుబాటుని ఒప్పుకుంటే మామగారితో మాట వేరే స్వరంలో వస్తుంది.

ఆడపిల్ల విషయంలో ఇంకో పరీక్ష పెట్టుకోండి. నోటుపుస్తకంలో నెల పేజీలు తిరగేసి, అంట్లు, తమ్ముణ్ని ఎత్తుకోవడం, వచ్చినవాళ్లకు టీ పెట్టడం ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. ఇంటి పని అందరూ చేయాల్సిందే. అన్నయ్య పేజీల్లో లేనివి చెల్లి పేజీల్లో ఉంటే మాత్రం అది చదువు కాదు, చాకిరీ. అలాంటి ఇంటికంటే బడి మేలు.

పెద్దవాళ్లకు మన మీద నమ్మకం కలగాలంటే వాదన కంటే పని అప్పగించడం మేలు. తాతయ్యకు పద్యాలొస్తే పద్యాలు, పొలం లెక్కలొస్తే సెంట్లు, కుంటలు, ఎకరాలు. నాయనమ్మ ఆవకాయకు కొలతలు ఎలా వేస్తుందో పిల్ల రాసి పెట్టమనండి. ఆరు నెలల తర్వాత చుట్టాలు అడిగితే జవాబు మనకంటే ముందు తాతయ్యే చెబుతాడు.

ఇప్పుడు, ఈ పద్ధతి మేలు చెయ్యలేదన్న ఆ ముగ్గురు చెప్పిన ఒంటరితనం సంగతి. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా అపార్టుమెంటు మొత్తం మీద పిల్ల అనేది కనపడదు. సాయంత్రమొస్తే ట్యూషన్లు. పిల్లలకు పిల్లలు కావాలి, పెద్దవాళ్లతో ఎంత కలుపుగోలుగా ఉన్నా ఆ లోటు తీరదు. వారానికి కనీసం మూడు సార్లు, అవే మొహాలు మళ్లీ మళ్లీ కనపడే చోటు ఒకటి ఉండాలి: ఈత, కబడ్డీ, కరాటే, నాటకం, మృదంగం క్లాసు, ఏదైనా. ఇదే దారిలో ఉన్న ఇంకో రెండు కుటుంబాలు దొరికితే ఆదివారాలు కలవండి. దేశంలో ఇలాంటి కుటుంబాలు కొన్ని కలిసి ‘స్వశిక్షణ్’ అనే సంఘంగా ఏర్పడ్డాయి. పని నేర్పే పెద్దవాళ్ల దగ్గరికి, వడ్రంగి షెడ్డుకో, కుట్టుమిషను అత్తయ్య దగ్గరికో పంపడం కూడా మంచిదే, చూసి నేర్చుకునేంతవరకే. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. ఎన్ని చేసినా పిల్ల కిటికీ దగ్గర నిలబడి వ్యాను కోసం చూస్తుంటే, బడికి వెళతానని అడుగుతుంటే, పంపండి. ఆసక్తి వెంట పోనిస్తామని చెప్పి ఆ ఒక్క ఆసక్తికి మాత్రం అడ్డుపడటం అర్థం లేని పని.

చట్టం గురించి ఊరికే భయపడేవాళ్లే ఎక్కువ. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షనులో చెప్పింది. చేర్చకపోతే తల్లిదండ్రులకు శిక్ష మాత్రం పెట్టలేదు. ఇంటి చదువుని పేరుపెట్టి ఒప్పుకోనూ లేదు, నిషేధించనూ లేదు. ఎవరైనా అధికారి వచ్చి అడిగితే గొంతు పెంచకుండా నోటుపుస్తకం చూపించండి. బడి మాన్పించేటప్పుడు టీసీ, అప్పటిదాకా చదివిన తరగతులకు స్టడీ సర్టిఫికెట్లు తీసుకుని భద్రపరచండి. పుట్టినతేదీ సర్టిఫికెట్లో, ఆధార్‌లో, టీసీలో పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో మెలిక ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. స్థానికత. కాలేజీ ప్రవేశాల్లో అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూడటం 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తున్న పద్ధతి. ఏ విద్యాసంస్థలోనూ చదవనివాళ్లకు ఆ కాలంలో ఎక్కడ నివసించారన్నది లెక్క. కాబట్టి అద్దె ఒప్పందాలు, రేషన్ కార్డు, కరెంటు బిల్లులు ఏడాదివారీగా దాచండి, నివాస ధ్రువపత్రం తీసుకోండి. తెలంగాణలో వైద్యవిద్య ప్రవేశాల మీద ఈ స్థానికత వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పిల్ల డాక్టరు కావాలని కలలు కంటుంటే తొమ్మిదో తరగతి వయసు రాకముందే అప్పటి నిబంధనలు కనుక్కోండి.

వెనక్కి వెళ్లే తలుపు ఎటుందో తెలిస్తే ముందుకు నడవడం తేలిక. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం, మధ్యలో ఆగిపోయిన పిల్లనైనా, అసలు బడి చూడని పిల్లనైనా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. దగ్గర్లోని ప్రభుత్వ బడికి వెళ్లి హెడ్మాస్టరుగారితో ఒకసారి మాట్లాడి రండి. చేర్చడానికి కాదు, చేర్చాల్సి వస్తే ఎలా అని తెలుసుకోవడానికి. ప్రవేశ పరీక్ష పెట్టకూడదని అదే చట్టం చెప్పినా కొన్ని ప్రైవేటు బడులు పెడుతుంటాయి, టీసీ అడుగుతుంటాయి. భార్యాభర్తలిద్దరూ ఏడాదికోసారి, మార్చిలో, కొనసాగించాలా వద్దా అని పిల్లతో కలిసి కూర్చుని మాట్లాడుకోండి. మార్చిలో అని తేల్చిపెట్టుకుంటే మిగిలిన పదకొండు నెలలూ ప్రతి రాత్రీ అదే పంచాయితీ పెట్టుకోనక్కర్లేదు.

పదో తరగతి సర్టిఫికెట్ మాత్రం వదులుకోవద్దని నా సలహా. ఎంఐటీ కథ చెప్పి దీన్ని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. అదే కథలో సర్టిఫికెట్ లేకపోవడం వల్ల మూసుకున్న తలుపు కూడా ఉందని మర్చిపోతారు. పద్నాలుగేళ్లు నిండితే ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్లో గాని, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీల్లో గాని నేరుగా పదికి రిజిస్టరు చేయించుకోవచ్చు. బడిలో తొమ్మిది పాసైన కాగితం లేకపోయినా సరే. ఎన్ఐఓఎస్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, దసరా దీపావళి రోజుల్లో ఒకసారి జరుగుతాయి. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలుంటాయి, ఒక్కో సబ్జెక్టూ విడిగా పాసవుతూ పోవచ్చు. తెలుగు మాధ్యమం కూడా ఉంది. కావలసింది అయిదు సబ్జెక్టులు. ఇంటరుకి సమానమైన సీనియర్ సెకండరీ కూడా అక్కడే రాయొచ్చు, దానితో జేఈఈ రాసేవాళ్లున్నారు. నీట్‌కి అది చెల్లుతుందా అన్న పాత తగాదా కూడా 2024లో సుప్రీంకోర్టులో తీరిపోయింది.

పదమూడు నిండిన పుట్టినరోజు తర్వాత ఒక ఆదివారం ఆ సబ్జెక్టుల జాబితా పిల్ల ముందు పెట్టండి. ఏ అయిదు రాస్తుందో, ఎప్పుడు రాస్తుందో తననే చెప్పమనండి. లెక్కలు ఎత్తేస్తానంటే, ఇంజినీరింగ్ దారి కష్టమవుతుందని చెప్పి ఒక వారం ఆలోచించుకోమనండి. మళ్లీ అడిగినప్పుడు ఏది చెబితే అది దరఖాస్తులో నింపండి.